నగారా మామయ్య మూడు పిలుపులు

మా మామయ్య గొంతు గురించి నేను చెప్పేదాంట్లో సగం తీసేసి నమ్మండి. మిగిలిన సగం కూడా మీ చెవులకు ఎక్కువే అవుతుంది.

ఒకసారి ఆయన కోర్టు మూడో అంతస్తు వరండాలో నిలబడి ఒక సాక్షి పేరు పిలిచాడు. కింద రోడ్డు మీద పోతున్న బస్సు ఠక్కున ఆగింది. అదే పేరున్న ముగ్గురు బస్సు దిగి, చేతులు కట్టుకుని కోర్టు మెట్లెక్కారు. ఇంకోసారి, ఏళ్ళ తరబడి పోలీసులకు చిక్కని దొంగ ఒకడు ఎదురుగా ఉన్న మంగలి షాపులో గడ్డం గీయించుకుంటున్నాడు. మామయ్య పిలుపు చెవిన పడగానే కుర్చీలోంచి లేచి "హాజరండీ!" అన్నాడు. సగం గడ్డంతోనే బోనెక్కాడు. కోర్టు చూరులో కాపురముండే పావురాలైతే, మామయ్య ఉద్యోగంలో చేరిన వారంలోనే పిల్లాజెల్లాతో పక్కనున్న పన్నుల ఆఫీసుకు మారిపోయాయి. నమ్మనివాళ్ళు వెళ్ళి పన్నుల ఆఫీసు గోడలు చూసుకోవచ్చు.

ఇవన్నీ నేను కల్పించానని అత్తయ్య అంటుంది. కల్పించడం నాకు చేతకాదు. బడి మానేసిన రోజు నుంచీ నిజాలు చెప్పడమే నా వృత్తి. తీరిక దొరికినప్పుడు సరుకుల వ్యాను నడుపుతాను.

మామయ్య కోర్టు బంట్రోతు. ఊరు ఆయనకు పెట్టిన పేరు నగారా. ఆ గొంతు తయారైంది మాత్రం కోర్టులో కాదు, రాతిగనిలో. ఊరి చివర కొండ ఉంది. కొండకు గని ఉంది. గని దిగువన ఒకే ఒక వీధి ఉంది. కుర్రతనంలో మామయ్య పని ఆ గనిలో కేక వేయడం. తూటాలు పెట్టి రాయి పేల్చేముందు కొండ నలుమూలలా వినపడేలా "తప్పుకోండి!" అని అరవాలి. ఆ కేక అందని మనిషి సాయంత్రం ఇంటికి నడిచి రాడు. మామయ్య అరిచినన్నాళ్ళూ అందరూ తమ కాళ్ళ మీదే ఇళ్ళకు వచ్చారు. గని మూతపడ్డాక కోర్టులో బంట్రోతు కొలువుకు వెళ్ళాడు. అభ్యర్థులందరినీ వరసగా గొంతెత్తి ఒక పేరు పిలిచి చూపించమన్నారట. మామయ్య పిలిచాక ఆయన వెనక నిలబడ్డవాళ్ళు తమ వంతు కోసం ఆగలేదు. వాళ్ళంతట వాళ్ళే చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

పని చూడటానికి తేలికే. నడుముకు ఎర్ర పటకా కట్టుకుని, ఇత్తడి బిళ్ళ తగిలించుకుని హాలు గుమ్మంలో నిలబడాలి. గుమాస్తా కేసు చెప్పగానే వరండా వైపు తిరిగి పార్టీల పేర్లు మూడుసార్లు పిలవాలి. పేరు జాబితాలో ఎలా ఉంటే అలాగే, అక్షరం తగ్గకుండా, అక్షరం మింగకుండా. కోటీశ్వరుడిదైనా, కూలివాడిదైనా ఒకే వేగం, ఒకే ఊపు. మూడు పిలుపులకూ పలికే దిక్కు లేకపోతే ఆ కేసు అక్కడితో సరి. లాయర్లు ఎంతమందో ఆయన చెవిలో గొణిగారు.

"నగారా, మావాడు కింద టీ తాగుతున్నాడయ్యా. కాస్త మెల్లగా పిలుద్దూ!"

"తాగమనండి బాబూ, టీ ఆగుతుంది. పిలుపు ఆగదు," అనేవాడు మామయ్య.

బయట అంత మోత మోగించే మనిషి ఇంటికొస్తే నత్త. అత్తయ్య కుట్టుమిషను ముందు కూర్చుని నాతో వాపోయేది. "ఈయన గొంతంతా సర్కారుకు రాసిచ్చేశాడురా అల్లుడూ. నా వాటాకు గురక మిగిలింది."

అత్తయ్య సంగతి వేరు. ఆవిడ సూది చేతిలో ఉంటే గుడ్డ కుడుతుంది, లేకపోతే మనుషుల్ని కుడుతుంది. మూతపడ్డ గనిలోని సొరంగంలో అణుధార్మిక వ్యర్థాల గోదాము కడతారని తెలిసిన రోజున ఆవిడ మిషను ఆపింది. ఆస్పత్రుల నుంచి, కరెంటు కేంద్రాల నుంచి వచ్చే చెత్తను పీపాల్లో బిగించి తెచ్చి మా వాళ్ళ నెత్తి మీద దాచిపెడతారట. అటువంటి గోదాముకు లైసెన్సు ఇవ్వాలా వద్దా అని తేల్చే బోర్డువాళ్ళు బడి హాలులో ప్రజా విచారణ పెట్టారు. వీధి వీధంతా వెళ్ళింది. వానాకాలంలో గని నిండి, ఆ నీళ్ళు వీధిలోకి దిగుతాయి కదా, పీపాలు పెట్టాక ఆ నీళ్ళ సంగతి ఏమిటని అడిగింది. బోర్డువాళ్ళు తలలూపారు, రాసుకున్నారు, మంచినీళ్ళు తాగారు, వెళ్ళిపోయారు. తరువాత లైసెన్సు వచ్చింది. అందులో వీధి గురించి ఉన్నది ఒకటే ముక్క: 'అభ్యంతరాలన్నీ పరిశీలించడమైనది.'

"ఏం పరిశీలించారట? నా మొహమా?" అంది అత్తయ్య. "కోర్టుకు పోదాం పదండి."

కోర్టుకు పోవడానికి ఒక సంఘం కావాలన్నారు. సంఘానికి ఒక పేరు కావాలన్నారు. అక్కడ మొదలైంది తిరునాళ్ళ!

"పాత రాతిగని దిగువ వీధి సంఘం అంటే సరిపోతుంది," అంది అత్తయ్య.

"వీధి అంటే ఇళ్ళున్నవాళ్ళదే అనుకుంటారు. మా అద్దెవాళ్ళు మనుషులు కారా?" అన్నాడు మేడమీద గదిలో ఉండే పెయింటరు.

"అద్దెవాళ్ళను రాస్తే కోళ్ళఫారం ఏం పాపం చేసిందమ్మా? ఆ నీళ్ళు ముందు తాగేది నా కోళ్ళే!" అన్నాడు కోళ్ళాయన.

"నీ కోళ్ళు సంతకాలు పెడతాయా ఏమిటి?" అన్నాడు పెయింటరు.

"నీకంటే గుండ్రంగా పెడతాయి!"

రొట్టెల బట్టీవాళ్ళు మమ్మల్ని మరిచారన్నారు. పాత గని కార్మికులు మా చెమటతో తవ్విన గని కదా అన్నారు. వాళ్ళ వితంతువులు మా మొగుళ్ళు తవ్విన గని కదా అన్నారు. చివరికి పోస్టుమాన్ కూడా లేచాడు. ఆయన ఇల్లు ఆ వీధిలోనే లేదు.

"రోజూ ఈ వీధిలో నడిచి చచ్చేది నేను కాదా? నన్నొక్కణ్ణీ వదిలేస్తే రేపటి నుంచి ఉత్తరాలు మీరే వెతుక్కోండి!"

ఎవరినీ వదలలేక, ఎవరితోనూ వేగలేక అత్తయ్య అందరినీ కలిపి రిజిస్టరు చేయించింది. ఆ పేరు ఇదీ: 'పాత రాతిగని దిగువ వీధి సొంతయింటివారు, అద్దెయింటివారు, కోళ్ళఫారంవారు, కుట్టుపనివారు, రొట్టెల బట్టీవారు, విశ్రాంత గని కార్మికులు, వారి వితంతువులు మరియు ఆ వీధిన నిత్యం నడిచేవారి ఉమ్మడి పరిరక్షణ సంఘం.' ఆ పేరు గోడ మీద రాసిన పెయింటరు చోటు చాలక మూల తిరిగి పక్కింటి గోడ మీద పూర్తి చేశాడు.

మా లాయరమ్మ తెలివైనది. పిటిషనులో క్లుప్తంగా 'దిగువ వీధి సంఘం' అని రాసింది. ప్రభుత్వ వకీలు ఊరుకున్నాడా? బూట్లలో మన మొహం చూసుకోవచ్చు, అంత మెరుపు ఆయనది. ఆ పేరుతో సంఘమే లేదు, పిటిషను చెల్లదు, కావాలంటే రిజిస్టరైన పేరు పొల్లుపోకుండా రాయాల్సిందేనని పట్టుబట్టాడు. సరేనని కోర్టు దిద్దించింది. అలా ఆ పేరు మొత్తం, తోకతో సహా, కేసుల జాబితాకెక్కింది.

ఈ గొడవలన్నీ జరుగుతున్నన్నాళ్ళూ మామయ్య నోరు విప్పలేదు. ఒక్కసారి మాత్రం అత్తయ్యతో అన్నాడు.

"నీ కేసు నేను పనిచేసే కోర్టుకే వచ్చింది. వెళ్ళమని నేను అనను, వద్దని అనను. దాని గురించి ఇంట్లో నాతో ఒక్క మాట మాట్లాడొద్దు. రేపు నేనే పిలవాల్సి రావచ్చు."

"పిలువు! పెళ్ళయిన నాటి నుంచీ 'ఏయ్, ఇదిగో' తప్ప నన్ను ఇంకో పిలుపు పిలవలేదు. కోర్టు పుణ్యమా అని అదైనా వింటాను," అంది అత్తయ్య.

నవ్వుతూనే అంది కాని, ఇద్దరికీ గుండెల్లో రాయి పడింది. మా పిటిషను పడ్డాక, లైసెన్సును సవాలు చేయడానికి చట్టం పెట్టిన గడువు దాటిపోయింది. ఈ పిటిషను కొట్టేస్తే ఇంకోటి వేయడానికి లేదు. పీపాలు వచ్చేస్తాయి. ఇక మామయ్యకు ఉద్యోగం చివరికొచ్చింది, పింఛను గుమ్మం దాకా వచ్చింది. పెళ్ళాం వైపు వేలెడంత మొగ్గినట్టు కనిపించినా రెండూ పోతాయి.

పైగా కేసు పడింది ఎవరి ముందు? కత్తెర జడ్జి ముందు! మూడు పిలుపులకు పలకని కేసును ఆయన కత్తిరించే వేగం చూసి దర్జీలు కూడా దండం పెట్టేవారు.

వాదనల రోజు వచ్చింది. పొద్దున్నే మామయ్య రిజిస్ట్రారు దగ్గరికి వెళ్ళి, ఇవాళ నన్ను వేరే హాలుకు వేయండని అడిగాడు. రెండో బంట్రోతుకు గొంతు పూడుకుపోయి పిల్లికూత కూడా రావడం లేదు, వెళ్ళి నీ పని చూసుకో అన్నాడాయన. నేను వీధివాళ్ళందరినీ నా వ్యానులో ఎక్కించుకుని వాయువేగంతో కోర్టుకు చేర్చాను. దారిలో ఒక అంబులెన్సు నన్ను చూసి పక్కకు తప్పుకుంది.

కింద లిఫ్టు దగ్గర లాయరమ్మ ఫైళ్ళు పట్టుకుని ఎదురు చూస్తోంది. లిఫ్టు తలుపు మీద ఆరుగురికి మాత్రమే అని రాసి ఉంది. అయితే లాయరమ్మ పక్కన నిలబడి పైకి వెళ్ళే గౌరవం ఎవరు వదులుకుంటారు? సొంతయింటివారు ఎక్కితే అద్దెయింటివారు ఎక్కాలి. బట్టీ ఎక్కితే ఫారం ఎక్కాలి. పోస్టుమాన్ అయితే అందరికంటే ముందే మూలలో సర్దుకున్నాడు. సంఘానికి పేరు పెట్టినట్టే లిఫ్టునూ నింపారు.

"నువ్వూ ఎక్కరా అల్లుడూ!" అని లోపలి నుంచి అత్తయ్య పిలిచింది, మొహం మాత్రం కనిపించలేదు.

"నేను మెట్ల మీద వచ్చినా మీకంటే ముందుంటాను," అన్నాను. గొప్పకు అన్న మాట అక్షరాలా నిజమవుతుందని నాకేం తెలుసు?

నేను మూడో అంతస్తు చేరేసరికి హాలు నిండి ఉంది. ప్రభుత్వ వకీలు ముందు వరసలో బూట్లు మెరిపిస్తున్నాడు. మావాళ్ళ కుర్చీలు ఖాళీ. ఇంతలో కింద నుంచి ఒక జవాను వచ్చి గుమ్మంలో ఎవరితోనో అంటున్నాడు: "లిఫ్టు రెండో అంతస్తు దాటి ఆగిపోయిందండీ. లోపల సంతంత మంది ఉన్నారు!"

నా పైప్రాణాలు పైనే పోయాయి. అప్పుడే గుమాస్తా మా కేసు చదివాడు.

మామయ్య వరండా వైపు తిరగలేదు. జడ్జి వైపు తిరిగి వంగి నిలబడ్డాడు.

"అయ్యా, పిలిచేముందు ఒక మనవి. ఈ సంఘం అధ్యక్షురాలు నా భార్య. నేను పిలవొచ్చునా?"

 కత్తెర జడ్జి కళ్ళజోడు పైనుంచి చూశాడు. "పిలిచేది నువ్వు, తీర్పు చెప్పేది నేను. ఇందులో నీ భార్యకు వచ్చే లాభమేమీ నాకు కనపడటం లేదు. పిలువు."

నేను ఆగలేకపోయాను. "అయ్యా! వాళ్ళు లిఫ్టులో ఇరుక్కున్నారండీ!" అని లేచి అరిచాను.

"మీరెవరు? లాయరా?"

"కాదండీ."

"సంఘం సభ్యులా?"

"అధ్యక్షురాలి మేనల్లుణ్ణండీ. వ్యాను నాదే."

"వ్యాను ఈ కేసులో పార్టీ కాదు. కూర్చోండి. మెట్లు ఉండగా లిఫ్టెక్కమని కోర్టు ఎవరినీ ఆదేశించలేదు. కానివ్వండి."

ప్రభుత్వ వకీలు చిరునవ్వుతో లేచాడు. "అయ్యా, పేరు చాలా పెద్దది. కోర్టువారి కాలం వృథా కాకుండా 'దిగువ వీధి వగైరా' అని పిలిస్తే చాలునేమో."

మామయ్య మొహంలో చలనం లేదు. "అయ్యా, వగైరా అనమంటారా, ఉన్నది ఉన్నట్టు పిలవమంటారా?"

జడ్జి ఫైలు తిప్పి వకీలు వైపు చూశాడు. "పేరు పొల్లుపోకుండా ఉండి తీరాలని పట్టుబట్టింది తమరే కదా? తమరు అడిగి తెచ్చుకున్న పేరు, తమరే వినండి. ఉన్నది ఉన్నట్టు పిలువు."

ఆ మాట వినగానే నేను మెట్ల వైపు పరుగెత్తాను. నా వెనక మామయ్య ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. వరండాలో ఎండుటాకులు ఆయన వైపు దొర్లాయి. తరువాత మోగింది చూడండి!

"పాత రాతిగని దిగువ వీధీ... సొంతయింటివారూ..!"

కిటికీ అద్దాలు గలగలలాడాయి. రెండో అంతస్తులో టైపు కొడుతున్న అమ్మాయి మధ్యలో ఆగి ఆ పేరే కొట్టేసిందట. నేను మెట్లు దిగడం లేదు, ఆ గొంతు నన్ను వెనక నుంచి తోస్తోంది. లిఫ్టు తలుపు దగ్గరికి చేరేసరికి మొదటి పిలుపు పూర్తయింది. లిఫ్టు మనిషి ఇనుప కడ్డీ పట్టుకుని తలుపు సందులో పొడుస్తున్నాడు.

"ఎవరైనా ఒక చెయ్యి వెయ్యండయ్యా!"

నేను వేశాను. ఆ తలుపును నేనొక్కణ్ణే ఊడబెరికానని ఊరంతా చెప్పుకుంటారు, ఎందుకంటే నేను ఊరంతా చెప్పాను. లోపల నుంచి అత్తయ్య కేకలు, కోళ్ళాయన దగ్గు, "నా కాలు తొక్కుతున్నదెవరు?" అని ఒక ముసలావిడ తిట్లు.

అప్పుడు రెండో పిలుపు మొదలైంది. లిఫ్టు గొయ్యిలో ఆ గొంతు పైనుంచి కిందికి కుండపోతగా పోసింది. లోపలివాళ్ళు ఊరుకుంటారా?

"...అద్దెయింటివారూ..!"

"ఉన్నామండీ!" అని లిఫ్టులోంచి పెయింటరు.

"...కోళ్ళఫారంవారూ..!"

"ఉన్నాం! చావలేదు!"

"...కుట్టుపనివారూ..!"

"ఉన్నానయ్యా మహానుభావా!" అని అత్తయ్య.

ఒక్కొక్క మాటకు ఒక్కొక్క గొంతు. వితంతువులు కోరస్‌గా అరిచారు. పోస్టుమాన్ తన వంతు వచ్చేవరకు ఊపిరి బిగబట్టి, రాగానే చెవులు పగిలేలా "నడుస్తున్నా!" అన్నాడు. అడుగు వేయడానికి జాగా లేదు పాపం.

పైన హాలులో జడ్జి చెవి రిక్కించాడట. "ఏమిటా శబ్దం?"

"పిటిషనర్లు పలుకుతున్నారండీ," అన్నాడట మామయ్య.

"ఎక్కడి నుంచి?"

"గోడలోంచి అండీ."

ప్రభుత్వ వకీలు ఎగిరిపడ్డాడు. "గోడలోంచి పలికితే హాజరైనట్టు కాదు! హాలులో కనపడాలి!"

"నిజమే, హాజరైనట్టు కాదు," అన్నాడట జడ్జి. "ఇంకో పిలుపు ఉంది."

కింద మా తలుపు మూరెడు తెరుచుకుంది. లిఫ్టు నేల మాకు నడుమెత్తున ఉంది. "ముందు లాయరమ్మ!" అని అత్తయ్య అరిచింది. అంతవరకు ఒకరినొకరు తోసుకున్నవాళ్ళు ఒక్కసారిగా ఆమెను భుజాల మీదికెత్తి సందులోంచి నా చేతుల్లోకి జార్చారు. ఆ వెనకే ఫైళ్ళు వచ్చాయి. ఒక చెప్పు రాలేదు. ఆమె ఒంటిచెప్పుతోనే మెట్లెక్కింది. నేను ఫైళ్ళతో వెనక పరుగెత్తాను.

మూడో పిలుపు సగంలో ఉంది. "...రొట్టెల బట్టీవారూ... విశ్రాంత గని కార్మికులూ..!" మెట్లకు మలుపులు ఎన్ని ఉండాలో కట్టినవాడికి బుద్ధి లేదు. "...వారి వితంతువులూ... మరియూ ఆ వీధిన నిత్యం నడిచేవారీ..!" వరండా! "...ఉమ్మడి పరిరక్షణా..!" గుమ్మం! "సంఘమ్మ్మ్..!"

ఆ 'మ్మ్' ఇంకా గాలిలో ఉండగానే లాయరమ్మ మామయ్య మోచేతి కింద నుంచి హాలులోకి దూరి, "హాజరండీ!" అంది. ఇంకేమీ అనలేకపోయింది. ఆయాసం!

కత్తెర జడ్జి ఒకసారి ఆమె కాలి వైపు, ఒకసారి గడియారం వైపు చూశాడు. "ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టండి," అన్నాడు.

వాదన నాకు అర్థమైనంత చెబుతాను. నాకు అర్థమైంది కాబట్టి అది ఎవరికైనా అర్థమవుతుంది. గోదాము మంచిదా చెడ్డదా తేల్చమని మేం అడగడం లేదు, గని నీళ్ళ సంగతి అడిగితే జవాబు చెప్పకుండానే లైసెన్సు ఇచ్చారు, అది చెల్లదు అంది లాయరమ్మ.

"శాస్త్రజ్ఞులు అన్నీ చూసే ఇచ్చారు. అణుధార్మిక వ్యర్థాల విషయం కోర్టువారికి ఏం తెలుస్తుంది?" అన్నాడు వకీలు, అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"ఏమీ తెలియదు," అన్నాడు జడ్జి తాపీగా. "అందుకే అది క్షేమమో కాదో నేను చెప్పబోను. చెప్పాల్సింది బోర్డు. అడిగినదానికి బోర్డు చెప్పిందా లేదా, అది చూడటమే నా పని. ఎక్కడ చెప్పిందో చూపించండి."

వకీలు ఆ ఒక్క ముక్కే చదివాడు. అభ్యంతరాలన్నీ పరిశీలించడమైనది.

"మా మనవడు కూడా హోంవర్కు చేసేశానంటాడు. నేను పుస్తకం తెరవమంటాను. మీ పుస్తకం ఎక్కడ?"

హాలు గొల్లుమంది. అప్పటికి లిఫ్టులోంచి బయటపడ్డ మావాళ్ళు వెనక బెంచీల్లో నలిగిన బట్టలతో, చెదిరిన జుట్లతో కూర్చుని ఉన్నారు. అత్తయ్య చప్పట్లు కొట్టబోయి, గుమ్మంలో నిలబడ్డ మొగుడి చూపు తగిలి చేతులు కిందికి దించింది.

తీర్పు తరువాత చెబుతామన్నారు. ఈలోపు మామయ్య మీద పిడుగు పడింది. మూడో పిలుపు చివర బంట్రోతు కావాలని సాగదీశాడు, భార్య కోసం కోర్టును ఆపాడు అని ప్రభుత్వ వకీలు ఫిర్యాదు పెట్టాడు. రిజిస్ట్రారు మామయ్యను గదికి పిలిచాడు. నేను తలుపు బయట చెవి ఆనించి నిలబడ్డాను. ఆ మాటకొస్తే సగం కోర్టు అక్కడే నిలబడింది.

"సాగదీశావా?"

"లేదండీ."

"నమ్మేదెట్లా?"

"పిలవమంటే పిలుస్తానండీ."

"ఇక్కడా? గది చిన్నదయ్యా..." అంటుండగానే మామయ్య ఊపిరి పీల్చాడు. మేం తలుపు వదిలి గోడకు అతుక్కున్నాం. మొదటి మాట నుంచి 'సంఘమ్మ్మ్' దాకా, అదే వేగం, అదే ఊపు. ఆపై ఎవరూ అడగకుండానే వకీలుగారి పేరు కూడా అదే సాగదీతతో పిలిచాడు. రిజిస్ట్రారు చెవుల్లోంచి వేళ్ళు తీసి, ఫిర్యాదు మీద ఏదో గీకి పక్కన పడేశాడట. "వెళ్ళు నాయనా. నువ్వు అందరినీ సాగదీస్తావు."

ఆ సాయంత్రం అత్తయ్య నా ముందే అడిగింది. "నిజం చెప్పు. చివరి మాట నా కోసం కాస్త లాగావు కదూ?"

"గిన్నెలు కడిగేశావా, నన్ను కడగమంటావా?" అన్నాడు మామయ్య.  గిన్నెలన్నీ ఆయనే కడిగాడు.

తీర్పు రోజున మెట్లన్నీ మావాళ్ళే. లిఫ్టు వైపు చూసినవాడు లేడు. జడ్జి చదివాడు. లైసెన్సు రద్దు! బోర్డు మళ్ళీ విచారణ పెట్టాలి. అడిగిన ప్రతి అభ్యంతరానికీ కారణాలతో జవాబు రాయాలి. ఆ తరువాతే ఇవ్వడమో మానడమో తేల్చాలి. వరండాలో ఎగిరి గంతులు! గుమ్మంలో మామయ్య మాత్రం గోడలా నిలబడ్డాడు. ఛాతీ మీద ఇత్తడి బిళ్ళ ఒక్కటే పైకీ కిందికీ ఎగిరిపడుతోంది.

కోళ్ళాయన నన్ను పక్కకు లాగాడు. "అంటే ఇక గోదాము రాదన్నమాటేగా?"

"రావచ్చు, రాకపోవచ్చు," అంది పక్క నుంచి లాయరమ్మ.

"మరైతే మేం గెలిచిందేమిటి తల్లీ?"

"వాళ్ళు మీకు జవాబు చెప్పకుండా తప్పించుకోలేరు."

"ఓస్, అంతేనా?"

"అంతేనా ఏమిటి?" అని అత్తయ్య కస్సుమంది. "నువ్వు మీ ఆవిడకు ఏనాడైనా సరైన జవాబు చెప్పావా? అదెంత కష్టమో నీకు తెలియదూ?"

 కోళ్ళాయన తనూ గంతులు వేశాడు.

బోర్డువాళ్ళు మళ్ళీ బడి హాలుకు వచ్చారు. ఈసారి మామయ్య కూడా వచ్చాడు. కేసు అయిపోయింది కాబట్టి వీధి మనిషిగా మాట్లాడవచ్చునా అని రిజిస్ట్రారును ముందే అడిగాడట. "బిళ్ళ ఇంట్లో పెట్టి వెళ్ళు, అరవకు," అన్నాడట ఆయన. పటకా లేకుండా, మామూలు చొక్కాలో మామయ్య సగమైపోయినట్టు కనిపించాడు.

మాట్లాడదలచినవాళ్ళను బోర్డు గుమాస్తా ఒక్కొక్కరినే పిలుస్తున్నాడు. ఒక పేరు పిలిచాడు. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచాడు. అత్తయ్య మొగుణ్ణి మోచేత్తో పొడిచింది.

"నిన్నేనయ్యా! లే!"

జీవితమంతా ఇంకొకళ్ళను పిలిచిన మనిషికి తన పిలుపు వినపడలేదు. ఉలిక్కిపడి లేచాడు. మైకు ఇవ్వబోతే మేమందరం "వద్దు వద్దు!" అని అరిచాం. ముందు వరసవాళ్ళు చెవులు మూసుకున్నారు. నేను కిటికీలు తెరిచాను, అద్దాలైనా దక్కుతాయని.

మామయ్య నోరు తెరిచాడు. గొంతు రాలేదు. మళ్ళీ తెరిచాడు. వచ్చింది, పెదవి దాటీ దాటనంత. హాలంతా ముందుకు వంగింది. మూసుకున్న చెవులు తెరుచుకున్నాయి. బోర్డు అధికారి కుర్చీలోంచి లేచి, కలం పట్టుకుని, వేదిక దిగి ఆయన దగ్గరికే వచ్చాడు.

"ఏమన్నాడు? ఏమన్నాడు?" అని వెనక వరసల్లో గోల.

అత్తయ్య బెంచీ ఎక్కింది. నడుం మీద చేతులు పెట్టి, మిషను మోత మధ్య పిల్లల్ని కేకేసి పెంచిన గొంతుతో వెనక గోడ దాకా వినిపించింది.

"మా ఇల్లు గని పక్కనే ఉందీ..! కిటికీ తెరుచుకుని పడుకోవడం మాకు అలవాటూ..! ఆ పీపాలు వచ్చాక కూడా తెరుచుకునే పడుకోవచ్చా అని అడుగుతున్నాడూ..!"

ఎవరూ నవ్వలేదు. అధికారి మొత్తం రాసుకున్నాడు. రాసింది చదివి వినిపించి, "ఇంతేనా?" అని అడిగాడు. మామయ్య తల ఊపాడు.

"దీనికి జవాబు రాసి పంపుతాం," అన్నాడు అధికారి.

"ఎప్పుడు?" అంది అత్తయ్య బెంచీ మీది నుంచే.

"ఎప్పుడు?" అని వీధి మొత్తం లేచి నిలబడింది.